నక్కవాగులో మందు

హైదరాబాదు నుండి ముంబయి పోవు రాజమార్గమున సుమారు ముప్పది కిలోమీటర్లు సాగినచో పటాన్‌చెరు వచ్చును. ఆ ఊరి చుట్టుపట్ల ఇస్కవాగు, నక్కవాగు అను రెండు చిన్న ఏరులు కలవు. ఇస్కవాగు పోయి నక్కవాగులో పడును. నక్కవాగు మంజీరలోను, మంజీర కందకుర్తి కడ గోదావరిలోను కలియును. వానకాలమున పొంగి, ఎండకాలమున సన్నగిల్లి, ఒడ్డున నున్న పల్లెల మళ్లకును పశువులకును ఆధారమగు ఇట్టి వాగులు తెలుగునాట ఎన్నియో యున్నవి. వాని పేర్లు ఆ పల్లెలు దాటి యెవ్వరికిని తెలియవు. నక్కవాగు పేరు మాత్రము ఈ శతాబ్దపు తొలి సంవత్సరములలో విదేశపు విజ్ఞాన పత్రికల కెక్కెను. అది కీర్తి వలన కాదు. ఆ వాగుల నీటిలో మందులు కలసియున్నవని, ఎంతెంత కలసినవో లెక్క గట్టి, స్వీడను దేశపు విద్వాంసులు ప్రకటించిరి.

మందు నీట కలసిన నష్టమేమి, రోగము కుదురునే కాని ముదురునా యని తోచుట సహజము. ఈ సంగతి తొలుత విన్నప్పుడు మాకును అట్లే తోచినది. కాని మందునకు మందుదనమును ఇచ్చునది మోతాదు. వైద్యుడు రోగిని చూచి, ఇన్ని దినములు, ఇన్ని పూటలు, ఇంత అని నిర్ణయించినప్పుడే అది ఔషధము. ఆ వస్తువే ఏటిలో పడి, చేపకును కప్పకును, పశువునకును, పసిబిడ్డకును అడుగకయే నిత్యము అందుచున్నచో దానిని ఏ పేర పిలువవలెను? అందులోను యాంటీబయోటిక్కుల సంగతి వేరు. అవి సూక్ష్మజీవులను చంపును. చావక మిగిలినవి ఆ మందునకు లొంగని శక్తిని సంపాదించి, తమ సంతతికే కాక ఇరుగుపొరుగు జాతుల సూక్ష్మజీవులకు సైతము ఆ శక్తిని పంచిపెట్టును. అప్పుడు ఆస్పత్రిలో రోగికి అదే మందు ఇచ్చినను ఫలము చేకూరదు.

ఈ కథ ఎట్లు మొదలైనదో తెలియవలెనన్న 1961 వ సంవత్సరమునకు పోవలెను. ఆ సంవత్సరమున భారత ప్రభుత్వము ఇండియన్ డ్రగ్స్ అండ్ ఫార్మాస్యూటికల్స్ అను సంస్థను నెలకొల్పెను. సోవియటు దేశపు సహాయముతో హృషీకేశమున యాంటీబయోటిక్కుల కర్మాగారమును, హైదరాబాదు బాలానగరమున రసాయనిక ఔషధముల కర్మాగారమును నిర్మించిరి. అంతకు మునుపు మన దేశమున మందులు పెక్కు విదేశీ కంపెనీలవి; వెలలు సామాన్యునకు అందనివి. బాలానగరపు కర్మాగారము సల్ఫా మందులను, నొప్పి మాత్రలకు కావలసిన మూలద్రవ్యములను, విటమిన్లను చేయుటయే కాక, మందు చేయు విద్య తెలిసిన ఒక తరమును తయారుచేసెను. ఆ కర్మాగారమున ఉత్పత్తి నిలిచి చిరకాలమైనది. పరిసరముల పేట మాత్రము ఐ.డి.పి.ఎల్. పేరుననే నేటికిని పిలువబడుచున్నది.

1970 లో చేసి 1972 నుండి అమలుపరచిన పేటెంటు చట్టము ఈ విద్యకు తలుపులు తెరచెను. ఆ చట్టము ప్రకారము మందునకు గాక మందు చేయు విధానమునకు మాత్రమే పేటెంటు చెల్లును. విదేశమున కనిపెట్టిన మందును వేరొక మార్గమున చేయగలిగిన రసాయన శాస్త్రజ్ఞునకు ఇచట అడ్డు లేదు. బాలానగరమున పనిచేసి బయటికి వచ్చినవారు స్వంతముగా పరిశ్రమలు పెట్టిరి. వారిలో కల్లం అంజిరెడ్డి గారి పేరు సుప్రసిద్ధము. 1984 లో వారు తమ సంస్థను స్థాపించిరి. వెనుకబడిన జిల్లాయని మెదకునకు ప్రోత్సాహకములు లభించుటచేత పటాన్‌చెరు, బొల్లారము, పాశమైలారము, కాజీపల్లి, గడ్డపోతారము ప్రాంతములలో పారిశ్రామికవాడలు వెలసెను. ఆ పటాన్‌చెరులోనే 1972 లో మెట్టపంటల అంతర్జాతీయ పరిశోధన కేంద్రమైన ఇక్రిశాట్ స్థాపితమైనది. కరవునేలల జొన్నను, కందిని, శనగను బాగుచేయు విద్వాంసులు ఒకవైపు. ఆ నేలలకు నీరిచ్చు వాగులోనికి జారు మురుగు ఒకవైపు. ఈ ఇరుగుపొరుగుతనము తలచినప్పుడెల్ల మాకు చిత్రముగా తోచును.

ఈ పరిశ్రమలను నిందించుట మా ఉద్దేశము కాదు. బేయర్ కంపెనీ 1980 దశకమున వెలువరించిన సిప్రోఫ్లోక్సాసిన్ వంటి మందు నేడు పల్లెటూరి దుకాణమున కొలది రూపాయలకు దొరకుచున్నదన్న, దానికి కారణము ఇట్టి కర్మాగారములలోని వారి నేర్పే. ఆ మాత్ర వలన బ్రదికినవారిలో మన ఇండ్లవారును ఉందురు. కాని వెల తగ్గిన మందునకు తగ్గిన భాగమును ఎవరు చెల్లించిరి అను ప్రశ్న మిగిలినది. అందులో కొంత నక్కవాగు ఒడ్డువారు చెల్లించిరనియే మా అభిప్రాయము.

మందు చేయుటలో మందుకంటె వ్యర్థమే అధికము. ఈ విషయమును రోజర్ షెల్డన్ అను రసాయన శాస్త్రవేత్త 1992 లో లెక్కలతో చూపెను. పెట్రోలు శుద్ధిచేయు కర్మాగారమున కిలో సరుకునకు వ్యర్థము నూరు గ్రాములకు లోపే. మందుల పరిశ్రమలో కిలో సరుకునకు ఇరువదియైదు మొదలు నూరు కిలోలు, ఒక్కొక్కప్పుడు అంతకును మించి వ్యర్థము మిగులును. ఒక్క మందు తయారగుటకు అయిదారు మెట్లు ఎక్కవలెను. ప్రతి మెట్టులోను ద్రావకములు, ఆమ్లములు, క్షారములు, లవణములు కావలెను. ప్రతి మెట్టులోను కడుగుడు నీరు మిగులును. కడపటి మెట్టున పాత్రలను కడిగిన నీటిలో తయారైన మందే కొంత కొట్టుకొనిపోవును.

1980 దశకము మధ్యకు వచ్చుసరికి వాగు ఒడ్డు పల్లెలవారు మొరలిడ మొదలుపెట్టిరి. నీటి రంగు మారినది, వాసన వేయుచున్నది, బావినీరు త్రాగ వీలుకాదు, పైరు ఎండుచున్నది, పశువులు చచ్చుచున్నవి యనిరి. పోచారము, బైతోలు, ఆరుట్ల, చిద్రుప్ప, ఇస్మాయిల్‌ఖాన్‌పేట మున్నగు గ్రామముల పేర్లు ఆ ఫిర్యాదులలో మరల మరల కానవచ్చును. పటాన్‌చెరులో వైద్యవృత్తి నెరపుచుండిన డాక్టరు కిషన్‌రావు గారు తమ యొద్దకు వచ్చు రోగులను చూచి ఈ నీటిసంగతి గ్రహించి, రైతుల పక్షమున నిలిచి చిరకాలము పోరాడిరి. రాత్రివేళ ట్యాంకరులు వచ్చి చెరువులలో మురుగు వదలి పోవుచున్నవని గ్రామస్థులు చెప్పుచుండిరి. పగలు చూపుటకు ఎవ్వరును దొరకరు. తెల్లవారి చెరువు మాత్రము చెప్పును.

చట్టములు లేకపోలేదు. జలకాలుష్య నివారణ చట్టము 1974 లోను, పర్యావరణ రక్షణ చట్టము 1986 లోను వచ్చినవి. 1990 లో ఇండియన్ కౌన్సిల్ ఫర్ ఎన్విరో-లీగల్ యాక్షన్ అను సంస్థ ఈ గ్రామముల పక్షమున సుప్రీంకోర్టులో దావా వేసెను. ఆ దావా నడచిన తీరు వినదగినది. సుప్రీంకోర్టులో పదునొకండేండ్లు విచారణ జరిగి, 2001 లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టునకు బదిలీయై, అచటినుండి జాతీయ హరిత ధర్మాసనమునకు చేరి, 2017 అక్టోబరులో తీర్పు వెలువడెను. దావా వేసిననాడు పుట్టిన శిశువునకు తీర్పునాటికి ఇరువదియేడేండ్లు. నడుమ రైతులకు పరిహారము, గ్రామములకు త్రాగునీరు మొదలైన ఆదేశములు రాకపోలేదు. మెదకు జిల్లానుండి ఆ ప్రాంతము విడివడి సంగారెడ్డి జిల్లాయైనది కూడ ఈ నడుమనే, 2016 లో.

1994 లో ఒక ఉపాయము ఆచరణకు వచ్చెను. ప్రతి కర్మాగారమును వేరువేరుగ మురుగు శుద్ధిచేయలేదు గనుక అందరికిని ఉమ్మడిగా ఒక శుద్ధికేంద్రము పటాన్‌చెరులో ఏర్పడెను. పటాన్‌చెరు ఎన్విరోటెక్ అని దాని పేరు. సుమారు తొంబది మందుల కర్మాగారముల మురుగు ట్యాంకరులలో అచటికి చేరుచుండెను. దినమునకు పదునైదు లక్షల లీటర్ల నీరు శుద్ధియై ఇస్కవాగులోనికి పోవుచుండెను. ఉపాయము మంచిదే. కాని అందొక చిక్కు దాగియుండెను. అది ఎవరికిని తెలియలేదు. తెలియకపోవుటకు కారణము తెలిసికొన్నచో ఈ కథ యంతయు అర్థమగును.

మురుగునీటిని శుద్ధిచేయునవి సూక్ష్మజీవులే. తొట్టిలో గాలి ఊదుచు వానిని పెంచుదురు. అవి నీటిలోని మాలిన్యమును తిని బ్రదుకును. మందుల మురుగులో వానికి పౌష్టికత చాలదు గనుక, అవి బలముగ నుండుటకు మనుష్యుల మురుగును కూడ కొంత కలుపుచుండిరి. ఇంజనీరుల దృష్టితో ఇది సక్రమమైన పద్ధతి. వైద్యుల దృష్టితో చూచిన ఏమగును? మనుష్యుల ప్రేగులలోని సూక్ష్మజీవులను తెచ్చి, యాంటీబయోటిక్కులు నిండిన తొట్టిలో వేసి, గాలియు ఆహారమును ఇచ్చి, చావనివానిని ఏరి పెంచుటయే యగును. మందునకు లొంగని క్రిములను పెంచు బడి పెట్టదలచినచో ఇంతకంటె మేలైన ఏర్పాటు దొరకుట కష్టము. 2013 లో ప్రకటితమైన పరిశోధనలో, ఆ కేంద్రమునుండి తీసిన సూక్ష్మజీవుల రకములలో నూటికి ఎనుబదియారు ఇరువదియో అంతకు మించియో యాంటీబయోటిక్కులకు లొంగనివని తేలెను.

ఇంతకాలము ఇది ఎవరికిని కనబడకపోవుటకు కారణము కొలబద్ద. చట్టము నీటిలో కొలువుమన్నది ఆమ్లగుణము, లవణములు, తేలియాడు మడ్డి, నీటిలోని మాలిన్యము హరించు ప్రాణవాయువు. ఈ కడపటిదానిని రెండు విధముల కొలుతురు: సూక్ష్మజీవుల ద్వారా కొలిచినది బీ.ఓ.డీ., రసాయనము ద్వారా కొలిచినది సీ.ఓ.డీ. వాగులోనికి వదలు నీటిలో సీ.ఓ.డీ. లీటరునకు 250 మిల్లీగ్రాములు మించరాదని నియమము. లీటరు నీటిలో 31 మిల్లీగ్రాముల సిప్రోఫ్లోక్సాసిన్ కరగియున్నదనుకొందము. అది సీ.ఓ.డీ. లెక్కలోనికి వచ్చునది సుమారు 52 మిల్లీగ్రాములు, అనగా నియమము అనుమతించినదానిలో అయిదవ వంతు. నీరు పరీక్షలో నెగ్గును. అధికారి సంతకము పెట్టును. అందులో ఎవరి తప్పును లేదు, కొలువుమన్నది కొలిచిరి. మందును కొలువుమని ఎవరును చెప్పలేదు.

ఎందుకు చెప్పలేదు? పడమటి దేశములవారు మందులు నీటిలో నుండుటను ఎరుగకపోలేదు. 1970 దశకము చివరనే అమెరికాలోని మిస్సోరీ రాష్ట్రమున మురుగునీటిలో కొలెస్టరాలు మందు తాలూకు అవశేషమును గుర్తించిరి. 1990 దశకమున బెర్లిను నగరపు భూగర్భజలమున అదియే కానవచ్చెను. అయితే ఆ మందు రోగుల దేహములనుండి వచ్చినది. మనము మింగిన సిప్రోఫ్లోక్సాసిన్‌లో దాదాపు సగము ఏ మార్పును లేకయే మూత్రమున వెలువడునని వైద్యగ్రంథములు చెప్పును. ఊరందరి మూత్రమున చేరిన మందు నదిలో కలసిన లీటరునకు మైక్రోగ్రాములలో, తరచుగ అంతకంటె చాల తక్కువగ నుండును. కర్మాగారములవైపు ఎవరును చూడలేదు. మందు వెలగల సరుకు, వ్యాపారి దానిని మురుగులో ఏల పోనిచ్చును, అని అందరును అనుకొనిరి. మాకు ఈ తర్కము అతి స్వాభావికముగా కనబడుచున్నది, అందుచేతనే అది అంతకాలము నిలిచెను.

గోటెబోర్గు విశ్వవిద్యాలయపు యోకిం లార్సన్ అను ఆచార్యుడును ఆయన సహచరులును ఆ ఊహను పరీక్షింపదలచిరి. పటాన్‌చెరు ఉమ్మడి కేంద్రమునుండి శుద్ధియై వెలువడు నీటిని వరుసగా రెండు దినములు పట్టి, 59 మందుల కొరకు వెదకిరి. 2007 లో ఫలితములు వెలువడెను. పదునొకండు మందులు లీటరునకు నూరు మైక్రోగ్రాములకు మించి యుండెను. అన్నిటిలో అగ్రస్థానము సిప్రోఫ్లోక్సాసిన్‌ది: లీటరునకు 31,000 మైక్రోగ్రాముల వరకు, అనగా 31 మిల్లీగ్రాములు. ఆ మందు మింగిన రోగి నెత్తురులో ఉండు మోతాదుకంటె ఇది అనేక రెట్లు అధికము. కొన్ని సూక్ష్మజీవులకు ప్రాణాంతకమైన మోతాదునకు వేయి రెట్లు మించినది. అంతవరకు లోకమున ఏ మురుగులోను ఇంత మందు కానవచ్చినట్లు ఎవరును వ్రాయలేదు.

ఆ లెక్కను వారు ఇంకొక తీరున చెప్పిరి. శుద్ధియైన నీటితోపాటు దినమునకు సుమారు 45 కిలోల సిప్రోఫ్లోక్సాసిన్ వాగులోనికి పోవుచుండెను. తొంబది లక్షల జనాభా గల స్వీడను దేశమంతయు అయిదు దినములలో వాడు పరిమాణమది. మన ఇండ్లలో ఎరిగిన 500 మిల్లీగ్రాముల మాత్రల లెక్కన చూతము: దినమునకు తొంబదివేల మాత్రలు. వ్యాపారి మందును పోనీయడనుకొన్న తర్కము అచటితో కూలిపోయెను. కొన్ని మందుల విషయమున, కడిగిన నీటిలోనుండి మరల పట్టుటకు అగు ఖర్చు పోయిన మందు వెలకంటె అధికము. మందు చవుకయైన కొలది దానిని పోనిచ్చుటయే లాభమగును. ఈ వాక్యము మేము వ్రాయుచున్నప్పుడు మాకే కష్టముగ తోచినది, కాని లెక్క అట్లే యున్నది.

ఆ నీటిలో కప్పపిల్లలను పెంచి చూచిరి. నూరు పాళ్లు మంచినీటిలో 0.2 పాలు మురుగు కలిపినను వాని ఎదుగుదల కుంటువడెను. 2009 లో మరియొక వ్యాసము వెలువడినది. శుద్ధికేంద్రముతో సంబంధము లేని చెరువులలో సైతము సిప్రోఫ్లోక్సాసిన్ లీటరునకు 6.5 మిల్లీగ్రాముల వరకు ఉండెను. తుమ్ములకు వాడు సెటిరిజిన్ ఒక మిల్లీగ్రాము దాటి యుండెను. గ్రామముల బావులలోను మందులు కానవచ్చెను. రాత్రి ట్యాంకరుల సంగతి చెప్పిన గ్రామస్థుల మాట ఇరువదియేండ్లు గాలిమాటగా నుండినది. విదేశపు యంత్రము చెప్పినప్పుడు సాక్ష్యమైనది. 2014 లో కాజీపల్లి చెరువు నీటిలోని జన్యువులను పరీక్షించి, మందులను ఎదిరించు జన్యువులు స్వీడనులోని ఒక చెరువుకంటె సుమారు ఏడువేల రెట్లు ఉన్నవని తేల్చిరి. పటాన్‌చెరు బొల్లారము ప్రాంతము 2009 లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పట్టికలో తీవ్రకాలుష్య ప్రాంతములలో ఒకటిగా చేరియుండెను.

ఇంక నివారణ యత్నముల సంగతి. తొలుత చేసిన పని గొట్టము వేయుట. పటాన్‌చెరు కేంద్రపు నీటిని ఇస్కవాగులోనికి వదలక, పదునెనిమిది కిలోమీటర్ల గొట్టము ద్వారా హైదరాబాదు నగరపు మురుగు కాలువలో కలిపిరి. అది అంబర్‌పేట శుద్ధికేంద్రమునకు పోయి, అచటినుండి మూసీలో పడును. మూసీ వాడపల్లి కడ కృష్ణలో కలియును. గోదావరికి పోవలసిన మురుగు కృష్ణకు మళ్లినది. నక్కవాగు ఒడ్డువారికి కొంత ఊరట కలిగెను, దానిని మేము తక్కువచేసి చెప్పము. కాని మూసీ నీటితో గడ్డియు, వరియు, ఆకుకూరలు పండించు రైతులును ఉన్నారు.

గొట్టము వేయుటలోని తర్కము నీరు కలిపినచో విషము పలుచనగుననునది. ఈ తర్కమును లెక్కలో పెట్టి చూతము. అంబర్‌పేట కేంద్రము సామర్థ్యము దినమునకు 33.9 కోట్ల లీటర్లు. పదునైదు లక్షల లీటర్లు అందులో కలసినచో సుమారు 225 వంతులలో ఒక వంతగును. 2007 లో చెప్పిన గాఢతయే ఉండి, శుద్ధిలో ఏమియు పోలేదని ఊహించినచో, లీటరునకు సుమారు 137 మైక్రోగ్రాములు మిగులును. సూక్ష్మజీవులలో ఎదిరింపుశక్తి పెరుగకుండుటకు సిప్రోఫ్లోక్సాసిన్ లీటరునకు 0.064 మైక్రోగ్రాము దాటరాదని 2016 లో లార్సన్ బృందమే అంచనా వేసెను. మన ఊహాసంఖ్య దానికి రెండువేల రెట్లు. నిజమున శుద్ధిలో కొంత తరుగును. అయినను పలుచన చేయుట యను ఉపాయము ఎంత దూరము పోగలదో ఈ లెక్క చెప్పుచున్నది. నది వచ్చి మన తప్పును కడుగవలెనన్న, నది చాలదు.

రెండవ యత్నము మేలైనది. మురుగును బయటికే పోనీయకుండుట. పెద్ద కర్మాగారములు పెక్కు ఈ పద్ధతిని అవలంబించినవి. ముందుగా మురుగునుండి ద్రావకములను ఆవిరిగా వేరుచేసి మరల వాడుకొందురు. లవణములు అధికముగా గల నీటిని వరుసగా అనేక పాత్రలలో మరగించుదురు. ఒక పాత్ర ఆవిరి తరువాతి పాత్రను కాచును. మిగిలిన నీటిని సన్నని పొరల గుండ ఒత్తి వడకట్టి, ఆ నీటిని కర్మాగారమున మరల వాడుదురు. అడుగున మిగిలిన ఉప్పుముద్ద దుండిగల్‌లోని అపాయకర వ్యర్థముల పూడ్పుస్థలమునకు పోవును. మండు గుణము గల వ్యర్థము సిమెంటు కొలుములలో కాలును. ఇది ఖర్చుతో కూడిన పని. బొగ్గో, విద్యుత్తో కావలెను. చిన్న కర్మాగారము దీనిని భరించుట కష్టము. అందువలననే చెరువులకు వచ్చు ట్యాంకరుల మాట పూర్తిగా ఆగలేదు.

మరియొక మార్గము మందును మురుగులో కలియక మునుపే విరచివేయుట. పెనిసిలిన్ జాతి మందులకు ఇది సులభము: క్షారగుణము పెంచినను, తగిన ఎంజైము వేసినను వాని అణువు విరిగి శక్తిహీనమగును. సిప్రోఫ్లోక్సాసిన్ జాతి అట్లు లొంగదు. బురదకు అంటుకొని చిరకాలము నిలుచును. కాబట్టి ఒక్క మంత్రముతో అన్ని మందులను కట్టివేయుట సాధ్యము కాదు. ఏ కర్మాగారమున ఏ మందు చేయుదురో దానికి తగిన శుద్ధి దాని గుమ్మమునందే జరుగవలెను. తొంబది మురుగులను ఒక్క తొట్టిలో కలిపిన తరువాత ఏ విరుపును పనికిరాదు.

ఈ యత్నములన్నిటి నడుమ 2016 నవంబరులో జర్మనీకి చెందిన పరిశోధకులు హైదరాబాదు పరిసరములలో 28 చోట్ల నీరు పట్టిరి. శిలీంధ్రముల మందైన ఫ్లుకోనజోల్ ఒకచోట లీటరునకు 237 మిల్లీగ్రాములు కానవచ్చెను. 2007 నాటి 31 మిల్లీగ్రాములను చూచి నివ్వెరపోయినవారు ఈ సంఖ్యను చూచి ఏమనుకొనిరో! దాదాపు ప్రతి చోటను, గొప్ప యాంటీబయోటిక్కులకు లొంగని సూక్ష్మజీవులును కనబడెను.

అయినను కొలబద్ద మారు సూచన ఒకసారి కనబడినది. 2020 జనవరిలో కేంద్ర పర్యావరణ శాఖ ఒక ముసాయిదా ప్రకటించెను. మందుల కర్మాగారముల నుండి వెలువడు నీటిలో నూరునకు పైగా యాంటీబయోటిక్కులకు విడివిడిగా హద్దులు అందు పేర్కొనబడెను. ప్రపంచమున ఏ ప్రభుత్వమును అంతవరకు అట్టి హద్దులు విధింపలేదు. పటాన్‌చెరు చరిత్ర తెలిసిన వారికి అది చిన్న సంగతి కాదు. బీ.ఓ.డీ., సీ.ఓ.డీ.ల చాటున ఇంతకాలము దాగిన వస్తువును పేరు పెట్టి పిలుచుట అదే మొదలు. పరిశ్రమవారు ఇవి అతి కఠినములనిరి. 2021 ఆగస్టులో తుది నియమములు వెలువడెను. అందు యాంటీబయోటిక్కుల హద్దులు లేవు.

కొనువారివైపునుండి కొంత కదలిక వచ్చినది. 2009 లోనే లార్సన్, ఫిక్ అను పరిశోధకులు స్వీడనులో అమ్ముడగు మందుల మూలద్రవ్యములు ఎచట తయారగుచున్నవో వెదకి, గణనీయమగు భాగము భారతదేశమునుండి వచ్చుచున్నదని చూపిరి. శుద్ధమైన చెరువులు గల దేశమువారు తమ మాత్రల వెనుక ఉన్న చెరువును చూచుట అది మొదలు. 2019 నుండి నార్వే ఆస్పత్రుల సంస్థ యాంటీబయోటిక్కుల టెండర్లలో వెలతోపాటు పర్యావరణ రక్షణకును మార్కులు వేయుచున్నది. 2022 లో కొందరు మందుల తయారీదారులు తమంతట తామే ఒక ప్రమాణము ఏర్పరచుకొనిరి. 2024 సెప్టెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ యాంటీబయోటిక్కుల తయారీలోని వ్యర్థములపై మార్గదర్శకములు ప్రకటించెను. అవి సలహాలే కాని శాసనములు కావు.

మన ఇంటి అలమరలో వాడక మిగిలిన మాత్రల విషయమున జాగ్రత్త అవసరమే. వానిని కాలువలో పారవేయుట తగదు. కాని ఒక్క ఇల్లు ఏడాదిలో పారవేయునది పది మాత్రలైన, అది దినమునకు తొంబదివేల మాత్రల చెంత ఎంత? ఇల్లాలికి బుద్ధి చెప్పుట సులభము గనుక ఆ మాటయే తరచుగ వినబడును.

మందుల దుకాణమున మనము కొను మాత్రల షీటు వెనుక మాత్ర చేసినవారి పేరు, చిరునామా, లైసెన్సు సంఖ్య, తయారైన నెల, చెల్లిపోవు నెల అచ్చువేసి యుండును. మాత్రలోని మూలద్రవ్యము ఏ ఊరి కర్మాగారమున పుట్టినదో, దాని మురుగు ఏ వాగున పడినదో అందు ఉండదు. స్వీడనువారు సైతము దానిని తెలిసికొనుటకు ప్రభుత్వపు దస్త్రములలో వెదకవలసివచ్చెను.